గట్టిగా అడిగినవాళ్ళకే ముందు ఇచ్చాను

వ్యాపారం పెట్టాలనుకుంటున్నామని నెలకు ఒకరిద్దరు కుర్రాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది ఇక్కడి తెలుగు రైతుల క్యాంపుల పిల్లలే. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, బెంగళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు. ఎంత పెట్టుబడి కావాలి, ఏ పథకంలో ఎంత సబ్సిడీ వస్తుంది, ఏ కంపెనీ యంత్రం మంచిది అని అడుగుతారు. అవన్నీ చెబుతాను. ఆ తర్వాత వాళ్ళు అడగని సంగతి కూడా చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మా తాత 1960ల్లో తణుకు దగ్గర ఉన్న ఎకరంన్నర అమ్ముకుని కర్ణాటకలోని మాన్వి తాలూకాకు వచ్చాడు. హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయింది. ఎడమ కాలువ 227 కిలోమీటర్లు తవ్వారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నల్లరేగడి అయిదారు ఎకరాలు వచ్చిన రోజులవి. గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళు గంగావతి నుంచి సింధనూరు, మాన్వి దాకా క్యాంపులు కట్టుకుని వరి మొదలుపెట్టారు. నిజానికి ఈ కాలువను ఎక్కువగా జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటల లెక్క మీద కట్టారు. పైనంతా వరి అయ్యాక చివరనున్న మాన్వి, సిరవార, రాయచూరు పొలాలకు నీళ్ళు అందడం కష్టమైంది. అందులో మా తెలుగు క్యాంపుల వాటా ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. మాది టెయిలెండ్. పైవాడు తూము మూస్తే గానీ మాకు తడి రాదు.

నేను రాయచూరులో బీకాం చేసి ఏడేళ్ళు ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేశాను. ఆ ఏడేళ్ళే నా అసలు చదువు. ధాన్యం గుప్పిట్లో పట్టి, గింజ కొరికి తేమ చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. మిల్లుకు ఊపిరి బియ్యం ఒక్కటే కాదని, తవుడు కూడా అని అక్కడే తెలిసింది. 75 కిలోల ధాన్యం సంచి ఆడిస్తే నూకతో కలిపి 48 నుంచి 50 కిలోల బియ్యం దిగుతుంది. బియ్యం మీద వచ్చేది పోటీలో అరిగిపోతుంది. కరెంటు బిల్లు, హమాలీ కూలీ తవుడు డబ్బుతో గడవాలి. తవుడు లెక్క సరిగా చూసుకోని మిల్లు నిలబడదు.

2017లో గంటకు రెండు టన్నులు ఆడే పాత మిల్లును లీజుకు తీసుకున్నాను. చేతిలో ఆరు లక్షలు. మా ఆవిడ నగలు కుదువ పెట్టాం. నాన్నకున్న తొమ్మిది ఎకరాల్లో నాలుగు బ్యాంకుకు రాసిచ్చి 20 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిటు తెచ్చాను. మిగతా అయిదు ఎకరాలు కూడా పెడదామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "ఒరేయ్, మిల్లు పోయినా తినడానికి పొలం ఉండాలిరా" అన్నాడు. ఆ రోజు నాకు కోపం వచ్చింది.

ఆరేళ్ళు బాగానే నడిచింది. క్యాంపుల్లో, చుట్టుపక్కల ఊళ్ళలో రైతులు నన్ను నమ్మి ధాన్యం తోలేవారు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ధాన్యం కాటా వేశాక చీటీ రాసిస్తాం. డబ్బు రెండు మూడు వారాల్లో ఇస్తాం. అంటే మిల్లు నడిచేది మన పెట్టుబడితో కాదు, రైతు ఓర్పుతో. ఈ ముక్క ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండదు. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో వచ్చిన కేంద్ర పథకంలో ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ వస్తుంది. మంచి పథకం, ఇప్పటికీ నడుస్తుంటే వాడుకోండి. కానీ ఆ సబ్సిడీతో యంత్రం వస్తుంది. రైతుకివ్వాల్సిన ధాన్యం డబ్బు రాదు. నేను చూసినంతలో మిల్లులు యంత్రాల దగ్గర మునగలేదు, ధాన్యం డబ్బు దగ్గరే మునిగాయి.

2023 జూన్‌లో ఓడరేవు ఉన్న ఒక ఊరి వ్యాపారి నుంచి ఆర్డరు వచ్చింది. సోనా మసూరి, నాలుగు లారీలు, మొత్తం 100 టన్నులు. కిలో 44 రూపాయలు. విదేశాలకు పంపుతానన్నాడు. అంతకుముందు రెండుసార్లు ఒక్కో లారీ తీసుకుని వారంలో డబ్బు వేశాడు. ఈసారి 8 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, మిగతా 36 లక్షలకు చెక్కులిచ్చాడు. ఒక లారీ డబ్బు వచ్చాక రెండోది పంపాలని గుమాస్తాగా ఉన్నప్పుడు నేనే అందరికీ చెప్పేవాణ్ణి. నా వంతు వచ్చేసరికి నాలుగూ పది రోజుల్లో పంపేశాను. కిలోకు రూపాయిన్నర మిగిలితే లక్షన్నర వస్తుంది. ఆ లక్షన్నర కోసం 36 లక్షలు పరాయివాడి చేతిలో పెట్టాను. ఆ ధాన్యానికి నేను 31 మంది రైతులకు ఇవ్వాల్సింది కూడా 36 లక్షలే.

జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వారంలో అమెరికాలో మనవాళ్ళు దుకాణాల్లో సోనా మసూరి సంచుల కోసం ఎగబడుతున్న వీడియోలు ఫోన్లలో తిరిగాయి. నేనూ చూశాను. ఆ వీడియో చూస్తూనే ఆ వ్యాపారికి పదకొండోసారి ఫోన్ చేశాను. ఎత్తలేదు. చెక్కులు వేస్తే తిరిగొచ్చాయి. ఆ ఊరు వెళ్ళి ఆరు రోజులు అతని గోదాం ముందు కూర్చున్నాను. నా బియ్యం అక్కడ లేదు. ఎక్కడో స్థానికంగా అమ్మేసి, ఆ డబ్బుతో తన బాకీలు తీర్చుకున్నాడని అక్కడి హమాలీలు చెప్పారు. తర్వాత విడతలుగా ఆరు లక్షలు వచ్చాయి. మిగతా 30 లక్షల మీద చెక్కు కేసు ఇంకా నడుస్తోంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్ళకు 15 రోజుల గడువు ఉంటుంది. అది దాటాక నెలలోపు కోర్టుకు వెళ్ళాలి. ఈ లెక్క నాకు ఒక వకీలు చెబితే గానీ తెలియలేదు. మీరు ముందే తెలుసుకోండి.

ఇంతవరకు జరిగింది నష్టం. అది ఎవరికైనా రావచ్చు. ఆ తర్వాత 40 రోజులు నేను చేసింది తప్పు.

ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. రోజూ పొద్దున్నే మిల్లు తెరిచి, ఏమీ కానట్టు కూర్చునేవాణ్ణి. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఫైనాన్స్‌లో 9 లక్షలు తెచ్చాను. దానితో ఎనిమిది మంది రైతులకు ఇచ్చాను. ఏ ఎనిమిది మందికి? రోడ్డు మీద నిలబడి కేకలేసినవాళ్ళకు, పార్టీల మనుషులను వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళకు, గంజ్‌లో నా పరువు తీస్తామన్నవాళ్ళకు. నోరు లేనివాళ్ళకు, నన్ను నమ్మినవాళ్ళకు "వచ్చే సోమవారం" అని చెప్పాను. నా పరువు కాపాడుకోవడానికి బీదవాళ్ళ డబ్బును వెనక్కి నెట్టాను. దీన్ని ఇంకో రకంగా చెప్పడానికి నాకు మాటలు లేవు.

ఒక్క తప్పు మాత్రం చేయలేదు. సీసీ ఉన్నవాళ్ళు నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. దాన్ని బట్టి ఎంత వాడుకోవచ్చో బ్యాంకు లెక్క కడుతుంది. లారీలెక్కి వెళ్ళిపోయిన బియ్యాన్ని గోదాంలో ఉన్నట్టు రాద్దామని పెన్ను పట్టుకున్నాను. రాయలేకపోయాను. రాసి ఉంటే ఈరోజు ఈ మాటలు చెప్పే స్థితిలో ఉండేవాణ్ణి కాను.

ఆగస్టు చివరి వారంలో ఒక అక్క వచ్చింది. మాన్వి పక్క ఊరి కన్నడ రైతు. భర్త లేడు. రెండు ఎకరాలు సొంతం, రెండు కౌలు. తెల్లవారి ఆరు కూడా కాలేదు, షట్టరు తీస్తుంటే మెట్టు మీద కూర్చుని ఉంది. కొంగుముడి విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్ కార్డు, దాని వెనక నాలుగు మడతల చీటీ. నా చేతి రాతే. జూన్ 11. 48 సంచులు. తేమ 17. సంచి 1,850. మొత్తం 88,800. కింద "3 వారాలు" అని రాసి గీత గీశాను. మడతల దగ్గర కాగితం చిరిగితే లోపలివైపు అన్నం మెతుకుతో ఇంకో కాగితం ముక్క అంటించింది.

ఆమె కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. "తమ్మా, నువ్వు ఇవ్వవని రాలేదు. పిల్లకు నర్సింగ్ కాలేజీలో ఫీజు కట్టాలి. ఏ రోజు ఇస్తావో నిజం చెబితే, ఆ మాటే కాలేజీలో చెప్పుకుంటాను" అంది.

అంతకు వారం ముందే, రోడ్డు మీద నా చొక్కా పట్టుకున్న ఒకాయనకు లక్షా అరవై వేలు ఇచ్చాను. ఆయనకు ముప్పై ఎకరాలున్నాయి.

తేదీ చెప్పలేకపోయాను. "చెబుతా అక్కా" అన్నాను. ఆమె చీటీ మళ్ళీ అదే మడతల మీద మడిచి, కవర్లో పెట్టుకుని, బస్సుకు నడిచి వెళ్ళింది.

ఆ రాత్రి ఇంటికి పోకుండా కాలువ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఏమేం ఆలోచించానో ఇక్కడ రాయను. అలాంటి రాత్రి మీకు వస్తే ఒంటరిగా కూర్చోవద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. అప్పుడు నాకా నంబరు తెలియదు. మా ఆవిడే వెతుక్కుంటూ టార్చిలైటు పట్టుకుని వచ్చింది. అప్పటికే నా బల్ల సొరుగులో ఉన్న బాకీల నోటు పుస్తకం చదివేసిందట.

"ఏవండీ, అందరికీ ఒకేరోజు చెప్పేయండి. ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెబుతూ ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటారు?" అంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని అప్పటికి తెలిసింది.

సెప్టెంబరు రెండో ఆదివారం మిగిలిన 23 మందినీ మిల్లుకు పిలిచాం. మాన్వి అంటే కన్నడ దేశంలో హరికథామృతసారం రాసిన జగన్నాథదాసుల ఊరు. పొద్దున్నే ఆయన గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. ఏమీ కోరుకోలేదు, నోట మాట రావాలని మాత్రం అనుకున్నాను. అయినా రాలేదు. బాకీల పట్టీ చదవడం మొదలుపెట్టాక రెండో పేరు దగ్గరే గొంతు పట్టేసింది. మా ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది. ఎవరికెంత బాకీ, బ్యాంకుకు ఎంత, ఫైనాన్స్‌కు ఎంత, గోదాంలో ఎన్ని సంచులున్నాయి, మాన్విలో ఉన్న ఇంటి స్థలానికి ఎంత రావచ్చు, అన్నీ. నాన్న ఒక ధాన్యం సంచి మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనను అలా ఎప్పుడూ చూడలేదు.

తిట్టారు. ఒకతను మీదికి వచ్చాడు, హమాలీ మేస్త్రి అడ్డం పడ్డాడు. గంటసేపు అరుపులే. ఆ తర్వాత, నేను అందరికంటే ఎక్కువ బాకీ ఉన్న పెద్దాయన, మూడు లక్షలకు పైన రావాల్సినవాడు, లేచి ఒక మాటన్నాడు. "లక్షలోపు వాళ్ళకు ముందు ఇవ్వు. మేం రెండు పంటలు ఆగుతాం. వడ్డీ అడగం. కానీ ఈ పట్టీ గోడ మీద అతికించు. ఎవరికి ఇచ్చావో అందరికీ కనబడాలి."

నేను 40 రోజులు చేసినదానికి సరిగ్గా తలకిందుల పద్ధతి అది.

ఇంటి స్థలం 11 లక్షలకు అమ్మాం. లక్షలోపు వాళ్ళు 14 మంది, మొత్తం 10 లక్షలు. ఒకే రోజు ఇచ్చేశాం. మొదటి పేరు ఆ అక్కది. డబ్బు లెక్కపెట్టుకున్నాక చీటీ నాకు తిరిగి ఇచ్చింది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాన్న తన పేరు మీద మిగిలిన పొలంలో ఎకరంన్నర అమ్మి ఫైనాన్స్ బాకీ వడ్డీతో సహా తీర్చాడు. అయిదు ఎకరాలు బ్యాంకుకు పెట్టనివ్వకపోవడం వల్లే అది సాధ్యమైంది. బ్యాంకుకు నేనే వెళ్ళాను. కట్టాల్సింది 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. దానికి ముందే వెళ్ళి కాగితాలన్నీ బల్ల మీద పెట్టాను. సీసీలో కొంత టర్మ్ లోనుగా మార్చి వాయిదాలు కట్టించుకున్నారు. గడువు దాటాక వెళ్ళి ఉంటే మాట వేరుగా ఉండేదని ఆ మేనేజరే చెప్పారు.

ఆ ఏడాది వానలు లేవు. డ్యాం నిండలేదు. 2024 వేసవికి రెండో పంటకు నీళ్ళు రాలేదు. మిల్లు ఉంది, ధాన్యం లేదు, ధాన్యం కొనే డబ్బు అంతకన్నా లేదు. కూలికి ఆడించడం మొదలుపెట్టాను. రైతు తన ధాన్యం తెచ్చుకుంటాడు, ఆడించి ఇస్తాం, సంచికింత కూలి. తవుడు మాకు వదిలితే కూలి తగ్గిస్తాం. పెట్టుబడి లేదు, బాకీ లేదు. పెద్ద మిల్లులవాళ్ళు ఈ పనిని చిన్నచూపు చూస్తారు. నేనూ ఒకప్పుడు చూశాను. ఇద్దరు హమాలీలను ఉంచుకుని, మిగతా బస్తాలు నేనూ మోశాను. రాయచూరులో పాతిక కిలోల సంచులు ఇంటింటికీ వేశాను. డబ్బు చేతిలో పడ్డాకే సంచి దింపడం.

2024 జూలైలో డ్యాం నిండింది. క్యాంపుల్లో నారుమళ్ళు వేశారు. ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయిందని ఫోన్లు వచ్చాయి. ఆ రాత్రి ఈ ఆయకట్టులో ఎవరూ నిద్రపోయి ఉండరు. నా పట్టీలో మిగిలిన తొమ్మిది మంది పొలాలూ ఆ నీళ్ళ కిందివే. వాళ్ళకు పంట లేకపోతే నాకు ఆడించే ధాన్యం లేదు, వాళ్ళకు ఇచ్చే డబ్బూ లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చారు. అప్పటికే ఎంతో పెద్ద వయసు ఆయనది. నీళ్ళు పారుతుండగానే స్టాప్‌లాగ్ ఉక్కు పలకలు ఒక్కొక్కటిగా దింపించారు. వారం తిరిగేసరికి ప్రవాహం ఆగింది. టీవీ ముందు నాన్న, ఆ తొమ్మిది మందిలో ముగ్గురు, నేను కలిసి కూర్చుని చూశాం. ఏడాది ముందు నా మీద అరిచినవాళ్ళు మా ఇంట్లో టీ తాగుతూ నాతో కూర్చున్నారు. తర్వాత వానలు పడి డ్యాం మళ్ళీ నిండింది. డిసెంబరులో ధాన్యం వచ్చింది.

నన్ను అడిగే కుర్రాళ్ళకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను. ఏ పని చేయాలనుకుంటే ఆ పనిలో ముందు జీతానికి చేరండి. ఇంట్లో ఉన్న భూమి మొత్తం కుదువ పెట్టకండి. ఒకే కొనుగోలుదారు దగ్గర మీ ప్రాణం పెట్టకండి, వాడు ఎంత మంచివాడైనా. ఉద్దెర అమ్మకాన్ని అమ్మకంగా రాయకండి, డబ్బు వచ్చిన రోజు రాయండి. ఇవ్వలేని రోజు వస్తే, అది రావచ్చు, ఆ వారంలోనే అందరికీ చెప్పండి, చిన్నవాడితో మొదలుపెట్టండి. ధైర్యం అంటే లోను తీసుకోవడం అనుకునేవాణ్ణి. 23 మంది ముందు నిలబడ్డ రోజు కావలసిన ధైర్యం ముందు అది ఏమీ కాదు.

డ్యాం గేట్లన్నీ మార్చే పని కోసం 2025-26లో కూడా రెండో పంటకు నీళ్ళు ఇవ్వకూడదని నిర్ణయించారు. మిల్లు మళ్ళీ సగం రోజులు ఖాళీ. ఈసారి గోదాంలో ఎవరి ధాన్యమూ అప్పు మీద లేదు.

గోడ మీద పట్టీ ఇంకా ఉంది. 23 పేర్లలో 21 కొట్టేసి ఉన్నాయి. మిగిలిన ఇద్దరికి 3,40,000 రూపాయలు ఇవ్వాలి. వచ్చే డిసెంబరు పంటకు ఇస్తానని చెప్పి, తేదీ వేసి చీటీలు రాసిచ్చాను.